బిందెలోకి వచ్చిన ఉప్పు

గూడూరు అనగానే మనకు నిమ్మకాయలు, అభ్రకం గనులు గుర్తుకొస్తాయి గదా! తూర్పుగా సముద్రంవైపు వెడితే మాత్రం రొయ్యల చెరువులే. 1990 తర్వాత నాలుగైదేళ్ళలోనే నెల్లూరు తీరంలో వరిచేలు సైతం చెరువులైపోయాయి.

రొయ్యలు తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళి, నీళ్ళలోని ప్రాణవాయువును లాగేస్తుంది. చేపపిల్లలకు ఊపిరాడదు. ఆ నీళ్ళనే కండలేరు ఉప్పుటేరులోకి వదిలేవారు, పక్క చెరువువాళ్ళు మళ్ళీ అవే తోడుకునేవారు. ఒకరింటి కుడితి ఇంకొకరి ఎసట్లో పోసినట్లన్నమాట! 1994లో వైరసు తెగులు వచ్చినప్పుడు ఆ నీళ్ళవెంటే చెరువు నుంచి చెరువుకు పాకింది.

రొయ్యల నష్టం లెక్కలకెక్కింది. ఆడవాళ్ళ నడక ఏ లెక్కకూ ఎక్కలేదు. చెరువుల ఉప్పునీరు నేలలోకి ఇంకి, కుర్రు అనే పల్లెలో 600 మంది జాలరులకు తాగడానికి మంచినీళ్ళు లేకుండాపోయాయి. అక్కడి ఆడవాళ్ళు గొడవచేస్తేగాని ట్యాంకర్లు రాలేదు.

తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పులికాట్, చిలకా సరస్సులకు 1000 మీటర్లలోపు రొయ్యల పరిశ్రమ కూడదంది. సముద్రతీరంలో 500 మీటర్లలోపు ఉన్న చెరువులను, పాతపద్ధతివి తప్ప, తీసెయ్యమంది. తొమ్మిదేళ్ళు తిరక్కుండానే, 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, రిజిస్ట్రేషను షరతుమీద ఈ సాగుకు మళ్ళీ దారి ఇచ్చింది.