జెంతాకము: ప్రాచీనుల చెమటగృహము

నేడు నేను ప్రసంగింపబూనిన విషయము వినగానే మీలో కొందఱకు నవ్వు రావచ్చును. చెమట పట్టుటకై ప్రత్యేకముగా ఒక గది కట్టుకొనుట, కట్టుకొన్నదానిని కాపాడుకొనుట, ఇదియే విషయము. మా కోటప్పకొండ క్రిందివారికి గాని, నరసరావుపేట, గురజాల, మాచెర్ల ప్రాంతములవారికి గాని యిట్టి గది యేల? వైశాఖమాసమున రెంటచింతల వీథిలో గడియసేపు నిలిచిన చాలును. అదియు వలదన్నచో మెట్లదారిని త్రికూటేశ్వరుని కొండ యెక్కిన చాలును. కాని, వేడిచే చెమట పట్టించి శరీరమును తేలికపఱచుకొను పద్ధతి చలిదేశములవారి సొత్తు అని తలచుట మాత్రము చరిత్రకు విరుద్ధము.

చలిదేశములలో దీనికి పేరుపడినది ఫిన్లండు. ఆ దేశస్థులు దీనిని సౌనా యందురు. చెఱువుగట్టుననో సముద్రపుటొడ్డుననో కొయ్యతో చిన్నయిల్లు కట్టి, పొయ్యిపై రాళ్లు పేర్చి, అవి బాగుగా కాగిన పిమ్మట వానిపై గరిటెడు నీరు చల్లి, ఆ వేడిలో కూర్చుండి, పిదప నీటిలోనికి దిగుదురు. వారి యీ యాచారమును యునెస్కో సంస్థ 2020వ సంవత్సరమున మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. నేడు మన తీరప్రాంతపు విడిదిగృహములలోను ఈ మాట వినబడుచున్నది.

మా బంధువర్గములోని యొక యువకుడు, పరదేశమున కొన్నియేండ్లుండి వచ్చినవాడు, సూర్యలంక చేరువ సముద్రమునకు సమీపమున ఇల్లు కట్టుకొనుచు, అందొక సౌనా యేర్పఱచదలచి, ఏ దిక్కున కట్టవలయును, ఏ కొయ్య వాడవలయును, ఉప్పుగాలికి చెడకుండ నెట్లు కాపాడవలయును అని నాకు జాబు వ్రాసెను. నేను వడ్రంగిని కాను, పాతపుస్తకములు చదువుకొనువాడను. ఆ మాటయే వ్రాసి యూరకుందునేమో గాని, జాబు చివర నతడు తన తండ్రియు నిత్యమందు కూర్చుండునని వ్రాసెను. ఆయనకు మధుమేహమును, రక్తపుపోటును గలవు. అందుచేత పుస్తకములు తీయక తప్పలేదు.

మొదట చరకసంహిత. ఇందు సూత్రస్థానమున 14వ అధ్యాయము స్వేదాధ్యాయము. నిప్పుతో చెమట పట్టించు పదుమూడు విధములు అందు చెప్పబడినవి. కుండలోని కషాయపు టావిరి, గొట్టముద్వారా పట్టు ఆవిరి, కాల్చిన రాతిపలకపై పరుండుట, మంచముక్రింద గోయి త్రవ్వి నిప్పులుంచుట మొదలగునవన్నియు నందు కలవు. వీనిలో జెంతాకమనునది ఒక యింటినే కట్టుట. సుమారు రెండువేల యేండ్లనాటి యీ వర్ణన చదువునప్పుడు ఇది వైద్యగ్రంథమా, మేస్త్రీకి వ్రాసియిచ్చిన పట్టికయా యను సందేహము కలుగును.

గ్రామమునకు తూర్పుననో ఉత్తరముననో మంచినేల చూడవలెను. మన్ను నల్లనిదై తియ్యనిదిగానో, బంగారువన్నె గలదిగానో యుండవలెను. చెఱువో కోనేరో యుండి, దిగుటకు మంచి రేవుండవలెను. ఆ నీటికి దక్షిణపుగట్టున గాని పడమటిగట్టున గాని, నీటినుండి ఏడెనిమిది మూరల యెడముగా, రేవునకు ఎదురుగా, తూర్పుముఖముననో ఉత్తరముఖముననో ఇల్లు కట్టవలెను. ఇల్లు గుండ్రముగా నుండును. ఎత్తును వెడల్పును పదునాఱేసి మూరలు, అనగా మన లెక్కకు ఇంచుమించు 22 మొదలు 24 అడుగులు. గోడలకు మట్టిపూత, గాలికి అనేకమైన కిటికీలు. లోపల గోడవెంబడి చుట్టును, తలుపువఱకును, మూరెడెత్తు మూరెడు వెడల్పు గల తిన్నె. నడుమ మనిషియెత్తు మట్టిపొయ్యి. దానికి సన్నని రంధ్రములు పెక్కు, పైన మూత. అందు చండ్రకట్టెలను గాని, అశ్వకర్ణపు కట్టెలను గాని నింపి కాల్తురు. కట్టెలన్నియు కాలి, పొగ యంతయు పోయి, ఇల్లు వేడిచే నిండినప్పుడే మనిషి లోనికి పోవలెను. ఒంటికి చమురు పట్టించుకొని, వస్త్రము కప్పుకొని పోవలెను.

ఇందులో చండ్రకొయ్య యేల యని మన పల్లెవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. గట్టికొయ్య నిదానముగా కాలి, నిలుకడయైన నిప్పుల నిచ్చును. పొగ పోవువఱకు ఆగుమనుటలో ప్రాణరక్షణ మిమిడియున్నది. మూసిన గదిలో సగము కాలిన నిప్పుల గాలి మనిషిని చప్పుడు లేకుండ చంపునని నేటి శాస్త్రము తెలుపుచున్నది. వేసవిలో నుక్కపోతయే మనకు దుర్భరముగా నుండగా, ఈ యింటిలో మనుష్యు డెట్లు కూర్చుండగలడని మీరడుగవచ్చును. గాలి పొడిగా నున్నప్పుడు చెమట పట్టినది పట్టినట్లే యారిపోయి దేహమును చల్లపఱచును. కాబట్టియే ఫిన్లండువారు 80, 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొలదిసేపు కూర్చుండగలుగుచున్నారు. గాలిలో తేమ హెచ్చినచో అందు సగము వేడియే మిక్కుటమగును. సముద్రతీరమున తేమ సహజముగనే యెక్కువ. అచ్చట ఆవిరిగది కంటె పొడివేడిగదియే మేలని నేను వ్రాయుటకు హేతువిది.

ఇక తిన్నె సంగతి. రోగిని లోనికి పంపునప్పుడు వైద్యుడు చెప్పవలసిన మాటలనుకూడ చరకుడు వ్రాసెను. ఒకప్పు డొక ప్రక్కను, ఒకప్పు డింకొక ప్రక్కను సుఖముగా పరుండుము. మూర్ఛ వచ్చుచున్నను, ఊపిరి యున్నంతవఱకు తిన్నెను మాత్రము విడువకుము. విడిచితివేని తలుపు కానక ప్రాణము పోగొట్టుకొందువు. ఇది వాని సారాంశము. తలుపువఱకు తిన్నె సాగుటలోని రహస్య మిప్పుడు తేటపడును. ఆ తిన్నె కూర్చుండుటకు మాత్రమే కాదు. కన్నులు చీకట్లు క్రమ్మినవాడు చేతితో తడవుకొనుచు ఎటుపోయినను తలుపునకు చేరును. ఒడలు తేలికయై, బిగువు, నొప్పి, బరువు తీరిన పిమ్మట, ఆ తిన్నె వెంబడియే వెలికి రావలెను. వచ్చినవెంటనే చన్నీరు తాకరాదు, కన్నులకు చెఱుపు. ఒక ముహూర్తకాలము, అనగా 48 నిమిషములు గడిచి, తాపమును బడలికయు తీరిన తరువాత గోరువెచ్చని నీట స్నానము చేసి భుజింపవలెను.

రెండవ యాధారము బౌద్ధుల వినయపిటకము. పాలిభాషలో దీనిపేరు జంతాఘరము. జెంతాకము, జంతాఘరము అను పేళ్ల పోలికను మీరే గమనించుచున్నారు. వైశాలిలో భిక్షువులు దాతలిచ్చు పుష్టికరమైన భోజనములు తిని, దేహములలో దోషములు పేరుకొని వ్యాధిగ్రస్తులు కాగా, వైద్యుడగు జీవకుడు చూచి, వారికి నడచుటకొక చదునుదారిని, చెమటకొక గదిని అనుమతింపుమని బుద్ధుని వేడెననియు, అతడు రెండింటిని అనుమతించెననియు కథ. భిక్షువుల దేహస్థితికి పాలిలో వాడిన ‘అభిసన్న’ శబ్దమును, చెమటపట్టినవానికి తొలగునని చరకుడు చెప్పిన ‘అభిష్యంద’మును ఒక్క ధాతువునుండియే పుట్టినవి. వైద్యులును భిక్షువులును ఒకే సంప్రదాయమును పంచుకొనిరనుటకు నాకీ యొక్క మాటయే చాలునని తోచుచున్నది.

వినయమున నిర్మాణక్రమము మెట్టుమెట్టుగా కనబడును. నేల పల్లమై నీరు నిలిచెను. ఎత్తైన అరుగు వేయుడనిరి. లోపల పొగ నిండెను, పొగగొట్టము పెట్టుడనిరి. గది చిన్నదైనచో నిప్పు ఒకమూలను, పెద్దదైనచో నడుమను ఉంచుడనిరి. నిప్పుసెగకు ముఖము కమలెను. ముఖమునకు తడిమన్ను పూయుడనిరి. నేల బురదయయ్యెను; ఇటుకతోగాని రాతితోగాని కొయ్యతోగాని పఱచుడనిరి, నీరు పోవ కాలువ తీయుడనిరి. ఒక్కొక్క యనుమతి వెనుకను ఒక్కొక్క యిబ్బంది యున్నది. అనుభవముచే కట్టిన యిల్లిది.

వీనికన్న నన్నాకర్షించినది వేఱొక సంగతి. ఆఱ్వర్గ భిక్షువులని కొందఱు ఆగడగాండ్రుండిరి. పెద్దభిక్షువులు జంతాఘరములో తమ్ము వారించిరను నక్కసుతో, వారు కట్టెలు విస్తారముగా పేర్చి నిప్పుపెట్టి, తలుపు మూసి, ద్వారముకడ కూర్చుండిరి. లోనివారు సెగచే క్రాగి, తలుపు దొరకక, మూర్ఛిల్లి పడిపోయిరి. చరకుడు భయపడినదియు నిదియే కదా! దానిపై నేర్పడిన నియమములను వినుడు. ముందుపోయినవాడు బూడిద యెత్తిపోసి, లోపలను వెలుపలను ఊడ్వవలెను. మన్ను తడిపి, తొట్టిలో నీరు నింపవలెను. పెద్దలను ఒఱసికొని కూర్చుండరాదు. చిన్నవారిని చోటునుండి లేపరాదు. ద్వారమున కడ్డముగ కూర్చుండరాదు. చేతనైనచో పెద్దలకు సేవ చేయవలెను. కడపట వెడలువాడు బురద కడిగి, పీటలు సర్ది, నిప్పార్పి, తలుపు మూసి పోవలెను. స్నానగృహమును నడపుటకు ఇంతకన్న మంచి నిబంధనలను నేటి విడిదిగృహముల గోడలపై నేను చదువలేదు.

ఈ వినయము మనకు పరాయిది కాదు. మన పల్నాటి కృష్ణాతీరమున, ఇక్ష్వాకురాజుల విజయపురియందు, క్రీ. శ. మూడు నాలుగు శతాబ్దులలో అనేక విహారములు వెలసినవి. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరపు శాసనమున ఉపాసిక బోధిసిరి దానములును, తామ్రపర్ణి భిక్షువుల ప్రస్తావమును, సీహళవిహారమును గలవు. ఎహువుల చాంతమూలుని కాలమున అతని సోదరి కోడబలిసిరి మహీశాసక శాఖవారికి విహారము కట్టించినది. సింహళమున అరంకెలె వంటి అరణ్యవిహారములలో జంతాఘరముల శిథిలములు, మందు నూఱు రాళ్లతో సహా, నేటికిని చూపబడుచున్నవి. ఆ దీవినుండి వచ్చినవారు మన కృష్ణయొడ్డున వసించిరి. ఆ లోయను 1926లో రంగస్వామి సరస్వతిగారు కనుగొనిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టుగారు, 1954 మొదలు 1960 వఱకు సుబ్రహ్మణ్యంగారు త్రవ్వించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన సాగరపు టానకట్టకు శంకుస్థాపన జరిగినది. కొన్ని కట్టడములను విప్పి కొండపైకిని అనుపునకును చేర్చిరి. తక్కిన లోయ నీటి పాలైనది. ఆ నీరే మన పొలములు తడుపుచున్నది గావున నేను నిందింప జాలను. కాని ఆ నీటి యడుగున నెన్ని తిన్నెలు, ఎన్ని పొయ్యిగుంటలు మునిగినవో యని తలచునప్పుడు మనసు కలుక్కుమనును.

విహారములతోపాటు ఆ గదులును పోయినవి. తురుష్కుల రాజ్యములతో హమాము వచ్చినది. గోలకొండ సమాధులకడ నొక హమాము కలదు. మన యిండ్లలో మిగిలినవి నీళ్లకాగు, బాలింతకు వావిలాకు నీళ్లు, జలుబునకు దుప్పటి కప్పుకొని పట్టు ఆవిరి. ఇవన్నియు ఆ పదుమూడింటి చుట్టములే.

ఆ యువకునకు నేను వ్రాసిన జాబు సారమిది. గదిని అలపోటునకు అందని యెత్తైన యరుగుమీద కట్టుము. నీ తీరమున తుఫానులు మఱవకుము. ఇనుపమేకులు ఉప్పుగాలికి త్రుప్పుపట్టును, కాగి ఒడలు కాల్చును. త్రుప్పుపట్టని ఉక్కుమేకులను వాడి, తలలు కొయ్యలోనికి దించుము. జిగురు కారని, పెచ్చులు లేవని కొయ్యను తిన్నెలకు వాడి, రంగుగాని మెఱుగునూనెగాని పూయకుము. వేడికి వాని వాసన యూపిరికి చెఱుపు. పొయ్యిచెంత క్రిందుగా గాలి వచ్చుటకొక కంత, ఎదుటిగోడపై పోవుటకొక కంత విడువుము. విద్యుత్తుపొయ్యి యైనను ఏటేట రాళ్లు దించి, పగిలినవానిని మార్చుము. వాడిన ప్రతిదినమును నేల కడిగి, తలుపు తెఱచి ఆరనిమ్ము. తలుపు వెలుపలికి త్రోసినంతనే తెఱచుకొనవలెను. దానికి గడియ యుండరాదు.

తండ్రిగారి విషయమున మఱికొంత గట్టిగా వ్రాసితిని. చెమట పట్టింపరాని వారిని చరకుడు పేర్కొన్న పట్టికలో మధుమేహి, గర్భిణి, నిత్యము మద్యము త్రాగువాడు, అతిసారము గలవాడు, ఆకలి దప్పులతో నున్నవాడు అందఱును గలరు. మూర్ఛ వచ్చినను తిన్నె విడువకుమను మాటను మాత్రము నేడెవ్వరును అక్షరాల పాటింపరాదు. తల తిరుగుటకు ముందే లేచి రావలెను. వేడికి నరములు విప్పారి రక్తపుపోటు దిగును; పోటునకు మందు తినువాడు హఠాత్తుగా లేచినచో పడిపోవును. సూదిమందు వేసికొను మధుమేహికి వేడిచే మందు వేగముగ రక్తమున గలసి చక్కెర పడిపోవచ్చును. ఫిన్లండులోను ఇట్టి మరణములలో పెక్కింటికి మద్యమే తోడుగ నుండుట కనబడినది. కావున వైద్యుడు చూచి యొప్పుకొన్ననే గాని తండ్రిని లోనికి పంపవలదంటిని. ఒప్పుకొన్నను ఒంటరిగా వలదంటిని.

అతడు మేస్త్రీచేత తలుపు మార్పించినట్లును, తిన్నెను రెండువైపులను ద్వారమువఱకు సాగదీయించినట్లును మఱుజాబు వచ్చినది. వైద్యుడు తండ్రిగారికి అనుమతి నీయలేదట. సాయంకాలములందు ఆయన అరుగుమీద బయటనే కుర్చీ వేసికొని, లోనికి పోయినవారిని నిమిషములు లెక్కించి పిలుచుచున్నారట.