తాళము వేసిన పాట

నందికొండవద్ద 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. నీట మునుగనున్న ఆ లోయలో 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపి, ఇక్ష్వాకుల కాలపు ముఖ్యమైన కట్టడములను ఎగువకు తరలించి తిరిగి కట్టించిరి. అచ్చటి శాసనముల ప్రతులు అంతకు పూర్వమే ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటింపబడినవి. రాతినుండి కాగితముపైకి వచ్చినను శాసనపాఠము మారలేదు. ఆధారము పోయినను విషయము నిలువవలెనన్న, ప్రతి తీయుటకు వీలుండవలెను. పాటకును ఈ నియమమే వర్తించును.

1951లో విడుదలయిన ‘పాతాళ భైరవి’ పాటలను ఆనాటివారు నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క రికార్డులపై వినిరి. తరువాత టేపు, క్యాసెట్టు వచ్చినవి. క్యాసెట్టునుండి క్యాసెట్టుకు ఎక్కించిన కొలదియు రొద హెచ్చి, పాట మసకబారెడిది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కుతో ఈ స్థితి మారినది. ఇందులో ధ్వనిని సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాయుదురు. సంఖ్యను ఎన్నిమార్లు ఎత్తి వ్రాసినను అది చెడదు. నూరవ ప్రతియు మొదటి ప్రతివంటిదే. అమ్మువారి భయము ఇక్కడనే మొదలయినది.

అందుచే వారు పాటకు తాళము వేసిరి. అనగా, ఆ సంఖ్యలను గూఢలిపిలోనికి మార్చి, తాళపుచెవిని అనుమతి గల యంత్రములకే ఇచ్చిరి. 2003 ఏప్రిలులో ఆపిల్ సంస్థ తెరచిన ఐట్యూన్స్ అంగడి పాటలు ఇట్టివే. 2008లో మైక్రోసాఫ్టువారి ఎం.ఎస్.ఎన్. మ్యూజిక్, ఇకపై తాళపుచెవులు ఇయ్యజాలమని ప్రకటించినది. కొన్నవారు ఆక్షేపింపగా గడువు పొడిగించినది. వెలయిచ్చి కొన్న పాట కొత్త కంప్యూటరులో మూగపోవునన్న సంగతి అందరికిని అప్పుడు తెలిసినది. 2009లో ఆపిల్ తన పాటలకు తాళము తీసివేసినది.

అంతకు ముందు కొందరు, తాళమున్న పాటను డిస్కుపైకి ఎక్కించి, మరల ఎం.పి.3 ఫైలుగా మార్చుకొనెడివారు. తాళము వదలెడిది కాని నాణ్యము తగ్గెడిది. కారణమేమి? డిస్కు ధ్వనికి సెకనుకు 14,11,200 బిట్లు కావలెను. 1,28,000 బిట్ల ఎం.పి.3 సుమారు అందులో 11వ వంతే. చెవికి అంతగా పట్టని అంశములను అది విడిచిపెట్టును. అట్లు కుదించిన దానిని మరల కుదించినచో మరికొంత పోవును. దంచిన బియ్యమును మరల వడ్లు చేయలేము గదా! ఫ్లాక్ వంటి నష్టరహిత పద్ధతిలో ఈ చిక్కు లేదు. పాత రికార్డులను భద్రపరచువారు మొదటి ప్రతిని ఆ విధముగా తీసి ఉంచుట మేలు.

హక్కును ఉల్లంఘించు ఉద్దేశముతో తాళమును ఛేదించుట, 2012 సవరణ ననుసరించి మన దేశమున నేరము. ఆ హక్కుకు మాత్రము గడువున్నది. 1951 నాటి రికార్డుపై హక్కు 60 ఏండ్లకు, 2011 చివర ముగిసినది. పాట వ్రాసిన పింగళి నాగేంద్రరావు 1971లోను, స్వరపరచిన ఘంటసాల 1974లోను మరణించిరి. కనుక సాహిత్యముపై 2031 వరకు, సంగీతముపై 2034 వరకు హక్కులున్నవి. పిమ్మట ఆ పాట అందరిదగును. తాళమునకు మాత్రము ఈ లెక్క తెలియదు. గడువు తీరిన నాడు దానిని తీయుటకు తాళపుచెవి ఎవరివద్దను లేకపోయినచో, చట్టము ప్రజలకిచ్చిన పాట ప్రజలకు అందదు.