సారా ఉద్యమం, యూజర్ స్టోరీ ముక్కలు

ఎజైల్ టీముల్లో ఉన్నవాళ్ళకి యూజర్ స్టోరీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: సాఫ్ట్‌వేర్ వాడే మనిషి "నాకు ఫలానాది కావాలి, ఫలానా అందుకు" అని చెప్పే మాటే స్టోరీ. 1990లలో కెంట్ బెక్ మొదలుపెట్టిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ నుంచి వచ్చింది. చిక్కల్లా అది పెద్దదైనప్పుడే. మనవాళ్ళు వెంటనే డేటాబేస్ ఒక ముక్క, సర్వర్ కోడ్ ఒక ముక్క, స్క్రీన్ ఒక ముక్క చేసేస్తారు. మూడూ పూర్తయ్యేదాకా వాడేవాడికి ఒరిగేది సున్నా! 2003లో బిల్ వేక్ చెప్పిన ఇన్వెస్ట్ సూత్రాల ప్రకారం ముక్క చిన్నదిగా ఉండాలి, దేనికదే పనికిరావాలి.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ సాఫ్ట్‌వేర్‌లో లేదు, నెల్లూరు జిల్లాలో ఉంది. (మా చిల్లకూరు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఈ కథ నాటికి నెల్లూరే.)

1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం... తాగుడు వల్ల నాశనమైన ఇల్లు, సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళు. అది చదివిన దూబగుంట ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు, "మన ఊళ్ళో ఎందుకు మూయించకూడదు?" అనుకున్నారు. మూయించారు కూడా. రాష్ట్రమంతా మద్యనిషేధం కావాలని వాళ్ళు మొదలుపెట్టలేదు చూడండి. ఒక ఊరు, ఒక కొట్టు. అది మూతపడిన రోజే ఫలితం వాళ్ళ ఇంట్లో కనపడుతుంది.

తర్వాతి ముక్క జిల్లా. 1992లో ఊరూరా ఆడవాళ్ళు కదిలి సారా వేలాన్ని అడ్డుకున్నారు, వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా బంద్. అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా. ఆ పైన 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానాకి ఆదాయం పోయింది, పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు ఆగలేదు. కానీ సారా మీద నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇదంతా ఎవరో బోర్డు మీద గీసి ప్లాన్ వేసింది కాదు. అయినా గమనించండి: పెద్ద ముక్క వెనక్కిపోయినా దానికి ముందువి నిలబడ్డాయి. అదే అన్నీ ఒకే చట్టంగా తెచ్చి ఉంటే 1997లో మొత్తం ఊడ్చుకుపోయేదేమో.

ఐతే ఒక మెలిక ఉంది. ఆ ఆడవాళ్ళ అసలు కోరిక సారా పోవడం కాదు, మొగుడి కూలి డబ్బులు ఇంటికి రావడం. సారా పోయింది, దాని జాగాలోకి చీప్ లిక్కర్ వచ్చింది. స్టోరీలో "ఫలానాది కావాలి" అన్నది తీరింది, "ఫలానా అందుకు" అన్నది సగంలోనే ఆగింది. మన ప్రాజెక్టుల్లోనూ ముక్కలు కొట్టేటప్పుడు ముందు జారిపోయేది ఆ రెండో సగమే.

కాబట్టి స్టోరీ విడగొట్టిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు చాలు. పని ఇక్కడితో ఆగిపోతే ఎవరింట్లో ఏం మారుతుంది? మారినది వాళ్ళు అడిగినదేనా?