లైసెన్సు తుపాకీతో రైలు ప్రయాణం: బిలాస్‌పూర్ నుంచి బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

బిలాస్‌పూర్: ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. కోర్బా-విశాఖపట్నం, బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లు వీరిని స్వస్థలాలకు చేరుస్తాయి. ఈ రెండు రైళ్లూ ఛత్తీస్‌గఢ్‌లో బయలుదేరి, ఒడిశా మీదుగా ఆంధ్రప్రదేశ్‌కు వస్తాయి. సాధారణ ప్రయాణికునికి ఈ సరిహద్దులతో పనిలేదు. వెంట లైసెన్సు తుపాకీ ఉన్నవారికి మాత్రం ప్రతి సరిహద్దూ ఒక చట్టపరమైన ప్రశ్నే.

ఆయుధ లైసెన్సును సాధారణంగా జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ మంజూరు చేస్తారు. అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో లైసెన్సులోనే నమోదై ఉంటుంది. ఆ పరిధి ఒక జిల్లా కావచ్చు, ఒక రాష్ట్రం కావచ్చు, యావద్దేశం కావచ్చు. ఛత్తీస్‌గఢ్ వరకే చెల్లే లైసెన్సుతో ఒడిశా దాటడానికి, మార్గమధ్యంలో రైలు దిగలేదన్న వాదన అక్కరకు రాదు. పరిధి పెంపునకు గానీ, ప్రయాణ అనుమతికి గానీ లైసెన్సు జారీ చేసిన అధికారిని ముందుగానే సంప్రదించాలి. లైసెన్సు షరతులను ఉల్లంఘిస్తే 1959 నాటి ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సే లేకుండా ఆయుధం కలిగి ఉండటానికి శిక్ష ఇంతకంటే చాలా తీవ్రం. 2019 సవరణతో లైసెన్సు కాలపరిమితి 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. పాత పుస్తకంలో ఇప్పటికీ మూడు ఆయుధాలు నమోదై ఉన్నవారు ముందు ఆ సంగతి తేల్చుకోవడం మేలు.

బహిరంగ ప్రదేశాల్లో తుపాకీని ఎలా తీసుకువెళ్లాలో 2016 ఆయుధ నిబంధనల్లోని 32వ నిబంధన చెబుతుంది. పిస్తోలు, రివాల్వర్ వంటివి హోల్‌స్టర్‌లో గానీ, వీపు సంచి వంటి దానిలో గానీ ఉండాలి. పొడవాటి తుపాకీకి దాని కోసమే తయారుచేసిన కవరు వాడాలి. ఆయుధం పూర్తిగా కప్పి ఉండాలి, అదే సమయంలో యజమాని అదుపులోనే ఉండాలి. ప్లాట్‌ఫారం మీద కవరు విప్పి స్నేహితులకు చూపించడం కూడా ఇబ్బందులు తెచ్చిపెడుతుంది.

అసలు ప్రమాదాలు ఎక్కువగా పొంచి ఉండేది తుపాకీని కవరులో పెట్టే, బయటకు తీసే క్షణాల్లోనే. అమెరికాలో తుపాకుల ప్రదర్శనలు, అమ్మకపు మేళాలు సర్వసాధారణం. మన దేశంలో సామాన్యులు సొంత ఆయుధాలతో వెళ్లి కొనుగోళ్లు జరిపే అటువంటి మేళాలు లేవు. అక్కడి అనేక మేళాల్లో ప్రవేశద్వారం వద్దే తుపాకీలో తూటాలు లేవని సరిచూసి, పేలకుండా ప్లాస్టిక్ ట్యాగు బిగిస్తారు. ఇంత ఏర్పాటు ఉన్నప్పటికీ 2013 జనవరి 19న నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ నగరంలో, తనిఖీ ద్వారం దగ్గర ఒక యజమాని కవరు జిప్పు తీస్తుండగా 12 బోరు తుపాకీ పేలి ముగ్గురు గాయపడ్డారు. తుపాకీ ఇంటి దగ్గర బయలుదేరినప్పుడే ఖాళీగా ఉండి ఉంటే ఆ తనిఖీ మామూలుగా ముగిసేది.

కనుక తూటాలను ఇంట్లోనే తీసివేయాలి. పిస్తోలు అయితే మొదట మేగజైన్ బయటకు తీసి, ఆ తరువాతే స్లైడును వెనక్కు లాగాలి. ఈ వరుస తారుమారైతే మేగజైన్‌లోని మరో తూటా ఛాంబరులోకి చేరుతుంది. ఆ తరువాత మేగజైన్ తీసినా తుపాకీ ఖాళీ అయినట్లు కాదు. స్లైడు వెనక్కు ఉండగా ఛాంబరును కంటితో చూసి, వీలైతే వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. రివాల్వర్‌లో సిలిండర్ తెరిచి ప్రతి గదినీ చూడాలి. డబుల్ బ్యారెల్ తుపాకీని మడిచి, రెండు గొట్టాల గుండా వెలుతురు కనిపిస్తోందా అని పరీక్షించాలి. ఇంత సేపూ గొట్టం మనుషుల వైపు తిరగకూడదు, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. సేఫ్టీ మీట మీద భరోసా పెట్టుకుని ఈ పరీక్ష మానేసేవారున్నారు. మీట ఒక యంత్రభాగం మాత్రమే. తూటాలను వేరే డబ్బాలో పెట్టి తాళం వేసుకోవాలి. విమానంలో అయితే తుపాకీని చేతిసంచిలో అనుమతించరు. ముందుగా ప్రకటించి, తూటాలు తీసి, చెకిన్ సామానులో పంపాలి.

రాత్రి ప్రయాణంలో నిద్రే పెద్ద బలహీనత. బెర్తు కింద గొలుసుతో కట్టిన సంచి, పైన నిద్రపోతున్నవారి అదుపులో ఉన్నట్లు చెప్పడం కష్టం. చిన్న సంచిని తలవైపు, చేతి పట్టీతో ఉంచుకోవడం నయం. శౌచాలయానికి వెళ్లేటప్పుడు ఎదుటి ప్రయాణికుణ్ణి కాస్త చూస్తుండమనడం ఎంతమాత్రం తగదు.

గమ్యం చేరాక ఇంకో చిక్కు మొదలవుతుంది. సింహాచలం వెళ్లివచ్చేదాకా తుపాకీని బావమరిది బీరువాలో పెట్టి, తాళంచెవి అతనికే ఇస్తే ఆయుధం లైసెన్సు లేని వ్యక్తి చేతికి వెళ్లినట్లే. మరమ్మతుకు, లైసెన్సు రెన్యువల్‌కు యజమాని రాతపూర్వక అనుమతితో మరొకరు ఆయుధాన్ని తీసుకువెళ్లేందుకు చట్టం వెసులుబాటు ఇస్తుంది; ఇంట్లో దాచమని అప్పగించడం ఆ కోవలోకి రాదు. తిరుపతి వెళ్లేవారికి మరీ ఇబ్బంది. తిరుమలకు ఆయుధాలు నిషిద్ధం, అలిపిరి వద్ద సామానుకు తనిఖీ తప్పదు. రైల్వే క్లోక్ రూం ఆయుధాన్ని వదిలే చోటు కాదు. ఆయుధాలు భద్రపరిచే అనుమతి ఉన్న డీలరు వద్ద రసీదు తీసుకుని జమ చేయడమే దారి. తీర్థయాత్రకూ, పెళ్లికీ తుపాకీ అవసరం దాదాపు ఉండదు కాబట్టి, ఆ పని బిలాస్‌పూర్‌లోనే పూర్తిచేసి నిశ్చింతగా రైలెక్కడం తెలివైన పని. పెళ్లిళ్లలో సంబరానికి గాలిలో కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, 2019 సవరణ ప్రకారం 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఎన్నికల కోడ్ అమలులో ఉన్న రోజుల్లో పరిస్థితి మారుతుంది. జిల్లా స్థాయి కమిటీ పరిశీలించి జమ చేయమన్న ఆయుధాలను పోలీసులకు అప్పగించవలసి ఉంటుంది. పొరుగు రాష్ట్రంలో పోలింగ్ వేరే తేదీన ఉండవచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బిలాస్‌పూర్‌లో మే 7న, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది.

ఆయుధం పోయినా, చోరీకి గురైనా వెంటనే సమీప పోలీసు స్టేషనుకు తెలియజేయాలి. రైలులో అయితే 139కు ఫోన్ చేసి, తదుపరి స్టేషన్‌లోని ప్రభుత్వ రైల్వే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. నేరం ఎక్కడ జరిగిందో తేలకపోయినా ఫిర్యాదు స్వీకరించాలని 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు తుపాకీ సంఖ్య, లైసెన్సుకు కేటాయించిన విశిష్ట గుర్తింపు సంఖ్య, తూటాల లెక్క అడుగుతారు. వీటిని రాసుకున్న కాగితాన్ని, లైసెన్సు నకలును తుపాకీ సంచిలో కాక జేబులో ఉంచుకోవాలి.