మెట్టసీమ ఫ్లోరోసిస్, పునరావాస వైద్య శిక్షణ: అద్దంకి పడమటి ప్రాంతం ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

అద్దంకి పేరు చెప్పగానే తెలుగు చరిత్ర విద్యార్థికి క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం, ప్రోలయ వేమారెడ్డి తొలి రాజధాని స్ఫురిస్తాయి. వైద్య చరిత్ర దృష్టితో ఈ ప్రాంతాన్ని చూసినవారు తక్కువ. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఈ పట్టణ పరిసరాల్లో పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలున్నాయి; పడమరకు సాగేకొద్దీ దర్శి, పొదిలి, కనిగిరి దిక్కుగా మెట్ట మొదలవుతుంది. 1970 వరకు అద్దంకి గుంటూరు జిల్లాలోను, ఆ మూడు ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోను ఉండేవి. ఆ సంవత్సరం ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పొందిన ఒంగోలు జిల్లా వీటిని ఒకచోట చేర్చింది. పాత వైద్య పత్రాలు చదివేవారు ఈ మార్పును గుర్తుంచుకోవాలి. అందులో 'నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్'గా కనిపించేది ప్రధానంగా ఈ మెట్టసీమ వ్యాధే.

1937లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ ఈ వ్యాధిని వర్ణించారు. వీరిలో షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి. భారతదేశంలో మనుషుల్లో ఎముకల ఫ్లోరోసిస్‌పై వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికగా దీనిని పరిగణిస్తారు. అంతకుముందే ఎడ్లు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం రైతులు గమనించారని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఎద్దు నడక సేద్యగాడి కంటికి ముందు ఆనడంలో ఆశ్చర్యం లేదు.

బావినీటిలో మోతాదు మించిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరుతుంది. ఎముక మందమవుతుంది, దానిని అంటిపెట్టుకున్న స్నాయువులు సున్నంలా గట్టిపడతాయి. మెడ తిరగదు, వెన్ను వంగదు. వెన్నుపాము సాగే నాళం ఇరుకై నరాలు నలిగినప్పుడు కాళ్ళు చచ్చుబడతాయి. ఇలా పేరుకున్న మార్పును పూర్తిగా వెనక్కి మళ్ళించే మందు లేదు. కనుక రోగనిర్ధారణ పూర్తయిన చోటే అసలు ప్రశ్న మొదలవుతుంది: ఈ మనిషి రేపు మంచం మీది నుంచి ఎలా లేవాలి, బావి దాకా ఎలా నడవాలి, పొలానికి ఎలా వెళ్ళాలి? వీటికి జవాబు వెతికే వైద్యుణ్ణి తయారుచేసే పద్ధతి సరిగ్గా ఆ కాలంలోనే మరో ఖండంలో రూపుదిద్దుకుంటోంది.

1936లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫ్రాంక్ క్రూసెన్ భౌతిక వైద్యంలో మూడేళ్ళ రెసిడెన్సీ శిక్షణ ప్రారంభించాడు. 1947లో అక్కడ ఈ శాఖకు ప్రత్యేక బోర్డు ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధపు క్షతగాత్రుల అనుభవంతో హోవర్డ్ రస్క్ న్యూయార్కులో పునరావాసాన్ని ఇందులో అంతర్భాగం చేశాడు. ఈ శాఖే ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్, వాడుకలో పి.ఎం.ఆర్. ఫిజియోథెరపీతో దీనిని కలగాపులగం చేయడం విద్యావంతుల్లోనూ కనిపిస్తుంది. పి.ఎం.ఆర్. వైద్యుడు ఎం.బి.బి.ఎస్. తరువాత మూడేళ్ళు చదివిన నిపుణుడు. థెరపిస్టు, కృత్రిమ అవయవాల నిపుణుడు, నర్సు, సామాజిక కార్యకర్త ఉన్న బృందానికి వైద్యపరమైన బాధ్యత అతనిది.

భారతదేశంలో 1955లో బొంబాయిలో అఖిల భారత సంస్థ ఏర్పడింది. తెలుగు రోగులు మొదటినుంచీ ఆశ్రయించిన వెల్లూరులో కథ వేరుగా నడిచింది. పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసేవాడు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే ఆ శస్త్రచికిత్సలు చేసింది. తరువాత పెర్త్‌లో పునరావాసం పొంది, న్యూయార్కులో రస్క్ దగ్గర శిక్షణ తీసుకుని తిరిగివచ్చింది. 1963లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పి.ఎం.ఆర్. విభాగానికి అధిపతి అయింది. 1966లో వెన్నుపాము దెబ్బతిన్నవారిని చేర్చుకుని చికిత్స చేసే పునరావాస సంస్థ మొదలైంది. మెట్టసీమలో ఫ్లోరోసిస్ వల్ల కాళ్ళు పడిపోయిన రైతుకు కావలసిన వైద్యం ఇదే.

ఆంధ్ర ప్రాంతంలో మాత్రం వైకల్యం బాధ్యత ఎముకల శస్త్రవైద్యుల చేతికి వెళ్ళింది. హైదరాబాదు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఆ దారికి నిదర్శనాలు. పోలియో పిల్లలకు ఆ దారి ఎంతో మేలు చేసింది. వారి వంకరను కత్తితో సరిచేయవచ్చు. ఫ్లోరోసిస్ వెన్నులో కత్తికి దక్కేది పరిమితం. పరిశోధన ఆగలేదు: 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని 'లాన్సెట్'లో నమోదు చేశారు. ప్రభుత్వ ప్రయత్నం సహజంగానే నీటి వైపు మళ్ళింది. నీటిని మార్చడం రాబోయే తరాన్ని కాపాడుతుంది. అప్పటికే వంగిన వెన్నుకు అది వైద్యం కాదు. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల ఒక తరం లెక్కలోకి రాలేదని చెప్పక తప్పదు.

అలా మిగిలిపోయినవారికి వైద్యశాస్త్రం ఎదురయ్యే ప్రధాన ఘట్టం నేడు సదరం శిబిరం. అక్కడ వైద్యుడు వైకల్యాన్ని శాతంలో కొలుస్తాడు. నలభైకి తగ్గితే పింఛను లేదు. 1937లో ఎక్స్‌రేతో మొదలైన కొలత ఇప్పుడు ధ్రువపత్రం దాకా వచ్చింది. కొలతకూ చికిత్సకూ నడుమ ఉండవలసిన వైద్యుని స్థానం ఖాళీగానే ఉంది.

ఆ ఖాళీ నిండడం వైద్య కళాశాలల నిబంధనల మీద ఆధారపడుతుంది. బోధనా విభాగం లేనిచోట రెసిడెంట్లు ఉండరు. 2020 అక్టోబరులో జాతీయ వైద్య కమిషన్ కొత్త కళాశాలల ప్రమాణాల్లో పి.ఎం.ఆర్. విభాగానికి చోటిచ్చింది, 2023 ప్రమాణాల్లో తప్పనిసరి విభాగాల జాబితా నుంచి దానిని తప్పించింది. మరోవైపు పి.జి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న జిల్లా రెసిడెన్సీ నియమం అమలులో ఉంది. పి.ఎం.ఆర్. సీట్లున్న కళాశాల నుంచి ఏటా ఒక్క రెసిడెంటు ఆ మూడు నెలలు ప్రకాశం మెట్టకు వచ్చినా, కనిగిరి, పొదిలి గ్రామాల్లో వెన్ను వంగనివారి నడకను పరీక్షించి, ఊతకర్ర ఎత్తు దగ్గరనుంచి మూత్రాశయ సంరక్షణ వరకు రాసిపెట్టే అవకాశం ఉంటుంది. 1937 నివేదికలో ఎముకల వర్ణన ఉంది. ఆ మనుషులు తరువాత ఎలా బతికారన్న నమోదు ఇంకా మొదలుపెట్టవలసే ఉంది.