తాత తెప్ప, బాస్క్ వాళ్ళ పందెం పడవ

మాది నెల్లూరు జిల్లా బోగోలు. తూర్పుకి వెళ్తే జువ్వలదిన్నె, అక్కడ సముద్రం. మా తాతకి అక్కడో తెప్ప ఉండేది. తేలిక దుంగలు నాలుగు తాళ్ళతో కలిపి కడతారు, అంతే. అల మీద పడ్డా నీళ్ళు సందుల్లోంచి పోతాయి, మునగదు. వేట అయ్యాక తాళ్ళు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళ "కాటమరాన్" అనే మాట తమిళ కట్టుమరం నుంచి వెళ్ళిందే.

మొన్న యూట్యూబ్‌లో ఒక పడవ పందెం చూస్తుంటే తాత గుర్తొచ్చాడు. అది స్పెయిన్ ఉత్తర తీరం, బాస్క్ ప్రాంతం. పడవ పేరు త్రైనేరా. సుమారు 12 మీటర్ల పొడవు, సన్నగా ఉంటుంది. 13 మంది తెడ్లు వేస్తారు, వెనకాల ఒకడు పొడుగు తెడ్డుతో దారి తిప్పుతాడు. చూస్తే ఆటల కోసమే చేసినట్టుంటుంది. కాదండీ, అది చేపల పడవ. మన కవళ్ళు, నెత్తళ్ళ లాంటి చేపలు పట్టే వల పేరే దానికి పెట్టారు.

మరి చేపల పడవకి అంత వేగం ఎందుకు? అప్పుడు ఐస్ లేదు. గుంపు కనపడగానే ముందు చేరినవాడిదే వల. రేవుకి ముందు తిరిగొచ్చినవాడిదే మంచి రేటు. వెనకొచ్చినవాడు మిగిలిన రేటుకి అమ్ముకోవాల్సిందే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం లేటెన్సీ అని కొట్టుకుంటామే, అదే ఇది. అంటే వాళ్ళకి రోజూ పందెమే, కప్పు ఒక్కటే లేదు. 1879లో సాన్ సెబాస్టియాన్ ఊళ్ళో, లా కోంచా అనే అఖాతంలో అదీ పెట్టారు. గెలిచినవాళ్ళకి జెండా ఇస్తారు.

అప్పటికి ఇవి ఇంకా వేటకి పోతున్న పడవలే. 1901 మే 14న ఓరియో ఊరివాళ్ళు ఇలాంటి పడవల్లోనే వెళ్ళి తిమింగలాన్ని పట్టారు. ఆ తీరంలో పట్టిన ఆఖరి తిమింగలం అదే అంటారు.

కానీ వేగానికి ఒక ఖరీదుంది. తేలిక పడవ, పైన కప్పు లేదు, అంచు తక్కువ. 1912 ఆగస్టు 12 రాత్రి తుఫాను గాలి లేచింది. 143 మంది పోయారు, ఎక్కువమంది బెర్మియో అనే ఒక్క ఊరివాళ్ళే. ఆ సంఖ్య చదివి నేను వీడియో ఆపేశాను. మన తీరంలో పుట్టినవాడికి అది లెక్కలా అనిపించదు.

తర్వాత ఆవిరి పడవలు, ఇంజన్లు వచ్చాయి. తెడ్ల పడవకి రేవులో పని పోయింది. పందెమే లేకపోతే త్రైనేరా ఈరోజు ఏ మ్యూజియంలోనో ఉండేది. ఇప్పుడు సెప్టెంబర్‌లో రెండు ఆదివారాలు ఊరంతా ఒడ్డునే ఉంటుంది. 2008 నుంచి ఆడవాళ్ళకీ పోటీ ఉంది. పడవ మాత్రం కార్బన్ ఫైబర్‌ది, తెడ్డు వేసేవాళ్ళలో చాలామందికి చేపల వేటే రాదు. పాత పడవ బతికిందా, దాని ఆకారం మాత్రమే బతికిందా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. అయినా ఆకారమన్నా మిగిలింది కదా.

మన తెప్పకి అదీ దక్కలేదు. ఎందుకంటే దాని గొప్పతనం వేగంలో లేదు. ఒడ్డున విరిగే అలలు దాటి లోపలికి పోవడం, మళ్ళీ దాటి బయటికి రావడం, అంతే. దాన్ని గడియారం పెట్టి ఎట్లా కొలుస్తాం? ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాయి. సునామీ తర్వాత ఫైబర్ బోట్లు ఇంకా పెరిగాయి. ఇప్పుడు జువ్వలదిన్నెలో హార్బరే కట్టారు. మంచిదే, తెప్ప మీద పోయే కష్టం నేను మళ్ళీ కోరను.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "తాతా, మీరు పందేలు పెట్టుకునేవాళ్ళా?" అని. నవ్వాడు. "సముద్రంతో పందెం ఏందిరా అబ్బయా, తిరిగొస్తే చాలు" అన్నాడు.

ఆ తెప్ప దుంగలు చివరికి మా పెరట్లో పొయ్యి కిందకి పోయాయి. ఫోటో కూడా లేదు. మీ ఇళ్ళల్లో తెప్ప కట్టడం వచ్చిన పెద్దవాళ్ళు ఎవరన్నా ఉంటే, ఆ ముడి ఎట్లా వేస్తారో ఫోన్‌లో వీడియో తీసి పంపండి. వచ్చే ఎపిసోడ్ దాని మీదే చేద్దాం.