సామాజిక ఆరోగ్య కేంద్రాలు (అమెరికా)

ఆరోగ్య బీమా లేనివారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రాథమిక వైద్యం అందించే క్లినిక్కులు. ఫెడరల్ ప్రభుత్వ నిధుల సాయంతో నడుస్తాయి.

చరిత్ర: 1965లో వైద్యులు జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లో తొలి కేంద్రాన్ని నెలకొల్పారు. తర్వాత మిసిసిపీలోని మౌండ్ బాయూలో తెరిచిన కేంద్రంలో, తిండి చాలక జబ్బుపడిన పిల్లలకు మందుల చీటీ మీద ఆహారమే రాసిచ్చేవారు. కిరాణా కొట్లకు ఆ డబ్బు మందుల పద్దు నుంచి చెల్లించేవారు.

రుసుము: కుటుంబ ఆదాయం, సభ్యుల సంఖ్యను బట్టి ఉంటుంది. ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణానికి మించకపోతే పూర్తి రాయితీ లేదా నామమాత్రపు రుసుము. దానికి రెట్టింపు వరకు అంచెలవారీ రాయితీ. ఆపైన ఈ రాయితీ వర్తించదు. రాయితీకి సాధారణంగా జీతం రసీదు, పన్ను పత్రం వంటివి చూపాలి. డబ్బు కట్టలేరని ఎవరికీ వైద్యం నిరాకరించకూడదు.

సేవలు: సాధారణ చికిత్స, టీకాలు, గర్భిణుల పరీక్షలు. చాలాచోట్ల దంత, మానసిక వైద్యం కూడా ఉంటుంది. పెద్ద శస్త్రచికిత్సలకు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

నిర్వహణ: పాలకమండలిలో సాధారణంగా కనీసం 51 శాతం మంది అక్కడ వైద్యం పొందేవారే ఉండాలి. హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అనే ఫెడరల్ సంస్థ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్‌తో దగ్గరి కేంద్రాన్ని వెతుక్కోవచ్చు.